మస్తూరీలో వంద లీటర్ల సముద్రం

దసరా సెలవులు ముగించుకుని విశాఖపట్నం నుంచి తిరిగి వస్తున్నాం. కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో మా బెర్తు కింద ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు ఉన్నాయి. టికెట్లు చూడడానికి వచ్చిన టీటీఈ గారు వాటిని బూటుతో మెల్లగా తట్టి, "గంగాజలమా?" అని హిందీలో అడిగారు. "కాదండీ, సముద్రం నీళ్లు" అన్నాను. ఆయన నా వంక చూశారు, మా ఆవిడ వంక చూశారు, ఇంకేమీ అడక్కుండా పక్క బెర్తుకి వెళ్లిపోయారు.

మస్తూరీ ఎక్కడో తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్‌కి దగ్గరలో ఉంది. చుట్టూ వరి పొలాలు. మా శాఖ ఖాతాదారుల్లో ఎక్కువమంది రైతులే. తెలుగు వినాలనిపిస్తే ఆదివారం బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి వెళ్తాం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తరతరాలుగా స్థిరపడిన మనవాళ్లు అక్కడ బోలెడుమంది. సముద్రం మాత్రం రైలు దారిలో ఆరు వందల కిలోమీటర్లకు పైనే. నాకు విశాఖ నుంచి ఇక్కడికి బదిలీ అయినప్పుడు, బీచ్ రోడ్డులోని మత్స్యదర్శినికి పదే పదే వెళ్లి చేపలతో చుట్టరికం కలుపుకున్న మా అమ్మాయి ఒక్కటే షరతు పెట్టింది: "సముద్రం చేప ఒక్కటైనా మనతో రావాలి." అలా మొదలైంది మా ఇంట్లో వంద లీటర్ల ఉప్పునీటి తొట్టి.

మళ్లీ ఆ క్యాన్ల దగ్గరికి వద్దాం. అసలు సముద్రపు నీటికి మించింది ఉండదు కదా అనుకుని, ఇంటికి రాగానే తొట్టిలోంచి 40 లీటర్లు తీసేసి ఆ 40 లీటర్లు పోశాను. ఆ తర్వాత కొలిచాను. కొలిచి పోయాల్సింది, పోసి కొలిచాను. మామూలుగా 35 చూపించే తొట్టి నీళ్లు 32 చిల్లర చూపించాయి. క్యాన్ అడుగున మిగిలిన చుక్క తీసి చూస్తే 28. ఈ అంకెలు వెయ్యి పాళ్ల నీటిలో ఎన్ని పాళ్ల లవణాలున్నాయో చెప్పేవి. సగటు సముద్రపు నీటిలో కిలోకి 35 గ్రాములుంటాయి.

విశాఖ సముద్రం ఎందుకు తక్కువ తూగింది? బంగాళాఖాతం ఏడాది పొడవునా ఒకేలా ఉప్పగా ఉండదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది వానాకాలమంతా మంచినీటిని తెచ్చి అందులో పోస్తాయి. అక్టోబరు వచ్చేసరికి తీరం వెంట సాగే ప్రవాహం దక్షిణానికి తిరిగి, ఆ పలచని నీటిని మన తీరం మీదుగా లాక్కువస్తుంది. బిలాస్‌పూర్ మధ్యగా పారే అర్పా శివనాథ్‌లో కలుస్తుంది, శివనాథ్ మహానదిలో కలుస్తుంది. అంటే జులైలో మా ఇంటి చూరు మీంచి కారిన వాన చుక్కలు కొన్ని విశాఖ దాకా వెళ్లి, అక్టోబరులో నా క్యాన్లో కూర్చుని వెనక్కి వచ్చి ఉండొచ్చు. టీటీఈ గారి ప్రశ్న కూడా అంత తప్పేమీ కాదన్నమాట.

ఇంతవరకూ జరిగినదానికి చేపలకు ఏమీ కాలేదు. ఉప్పదనం మూడు పాళ్లు తగ్గితే క్లౌన్ చేప తట్టుకుంటుంది. అసలు తప్పు దాన్ని సరిదిద్దబోయి చేశాను. వంద లీటర్లకు 2.8 పాళ్లు పెరగాలంటే 280 గ్రాముల ఉప్పు. లెక్క సరిగ్గానే వేశాను. తూచి, రాత్రి పదిన్నరకి, తిన్నగా తొట్టిలో గుమ్మరించాను. ఉప్పు గింజలు కరగకుండా అడుగుకి దిగాయి. అక్కడ చిక్కటి ఉప్పునీరు పొరలా పరుచుకుంది. మా చేపలు రెండూ రాత్రిపూట అడుగునున్న చిన్న మట్టికుండలో పడుకుంటాయి. తెల్లారేసరికి పెద్ద చేప పోయింది. అమ్మాయి ఏడవలేదు. "నువ్వు బ్యాంకులో కూడా ఇలాగే చేస్తావా నాన్నా?" అని మాత్రం అడిగింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఉప్పునీటి తొట్టిలో మనం పెంచేది చేపను కాదు, నీటిని. ఆ నీటిలో ఏ అంకె ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, ఆ అంకె ఎంత మెల్లగా మారిందన్నది అంతకంటే ముఖ్యం. ఉప్పదనం తగ్గితే రోజుకి ఒక పాలు చొప్పున పెంచాలి. అది కూడా వేరే బకెట్లో ఉప్పు కలిపి, పూర్తిగా కరిగాక, కొంచెం కొంచెంగా. మూడు రోజుల పనిని నేను మూడు నిమిషాల్లో చేశాను.

ఇప్పుడు ఉప్పు సంగతి. "వంటింట్లో ఉప్పు ఉండగా దుకాణంలో సముద్రపు ఉప్పు మిశ్రమం ఎందుకు కొనడం?" అని చాలామంది అడుగుతారు. విలియం డిట్మార్ అనే రసాయన శాస్త్రవేత్త, చాలెంజర్ ఓడ 1872 నుంచి 1876 దాకా ప్రపంచమంతా తిరిగి తెచ్చిన నీటి నమూనాల్లో 77 పరీక్షించి, 1884లో ఫలితాలు ప్రకటించారు. ఏ సముద్రంలో ఉప్పు ఎంత ఉన్నా, అందులోని ముఖ్యమైన లవణాల నిష్పత్తి దాదాపు మారదని తేలింది. 35 గ్రాముల్లో క్లోరైడు 19 గ్రాములకు పైన, సోడియం దాదాపు 11, సల్ఫేటు 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం, పొటాషియం చెరో 0.4. వంటింటి ఉప్పులో ఉండేది మొదటి రెండే. దానితో నీళ్లు ఉప్పగా అవుతాయి గాని సముద్రం కావు.

ఈ మాట భీమవరం వైపు శాఖల్లో పనిచేసిన మిత్రులకు కొత్త కాదు. వెనామీ రొయ్యల చెరువుకి ఉప్పు బోరు నీళ్లు పెట్టే రైతు, ఉప్పదనం సరిపోయినా పొటాష్, మెగ్నీషియం బస్తాలు ఎందుకు చల్లుతాడు? భూమి లోపలి ఉప్పునీటిలో పొటాషియం తక్కువ, నిష్పత్తి కుదరదు, రొయ్య పెంకు వదిలినప్పుడు నిలదొక్కుకోలేదు. ఆక్వా రుణాల ఫైళ్లలో "మినరల్స్" కింద కనిపించే ఖర్చు వెనకున్నది డిట్మార్ గారి లెక్కే. చెరువు గట్టు మీద కంటికి పెట్టుకుని చూసే రిఫ్రాక్టోమీటరే నా దగ్గరా ఉంది. దాన్ని మామూలు నీటితో సున్నాకి సరిచూసి వదిలేయకుండా, 35 పాళ్ల ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకుంటే తేడా రాదు. మనం వాడేది ఆ చివర కాబట్టి.

ఉప్పు కలిపే నీరెలాంటిదన్నది తర్వాతి ప్రశ్న. ఛత్తీస్‌గఢ్ మైదానం కింద సున్నపురాయి పొరలున్నాయి. మా బోరు నీళ్లు కాచిన గిన్నెలో తెల్లగా గార పడుతుంది. పొలాల ఎరువుల నుంచి దిగిన నైట్రేటు కూడా భూగర్భ జలంలో ఉండే అవకాశం ఉంది. అందుకని ఆర్ఓ నీళ్లు వాడతాను. ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది, మోసమంటే ఎవరూ చేసింది కాదు. ఇళ్లలోని చాలా ఆర్ఓ యంత్రాలకు టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఒకటి ఉంటుంది. నీళ్లు తాగడానికి రుచిగా ఉండాలని అది కొంత నీటిని పొరగుండా పోనివ్వకుండా పక్కదారిలో కలుపుతుంది. మనకి మంచిదే, తొట్టికి కాదు. ఆ మర పూర్తిగా మూసి, టీడీఎస్ మీటరుతో చూసి పట్టుకోవాలి. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ కూడా వదిలించాలి. రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు పనికిరావు. మనకు ఆరోగ్యమని చెప్పే ఆ రాగి, చాలా తక్కువ మోతాదులోనే సముద్రపు రొయ్యలను చంపేస్తుంది.

ఇక అందరి ఓపికనూ పరీక్షించేది అమ్మోనియా. చేప విసర్జించేది అదే, మిగిలిపోయిన మేత కుళ్లితే వచ్చేదీ అదే. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటే తీవ్రమైన విషం. పీహెచ్ 7 ఉన్న మంచినీటి తొట్టిలో ఆ విష రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8.2 ఉన్న సముద్రపు నీటిలో నూటికి ఏడెనిమిది వంతులుంటుంది. మంచినీటి తొట్టిలో చెల్లిపోయే నిర్లక్ష్యం ఇక్కడ ఎందుకు చెల్లదో ఈ ఒక్క లెక్క చెబుతుంది. గోల్డ్ ఫిష్ పెంచాం కదా అన్న ధైర్యంతో దిగేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

దీనికి మందు బ్యాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా, ఇంకో రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఫిల్టరులోని సిరామిక్ రింగుల మీద అవి కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ కాపురానికి తిండి కావాలి కాబట్టి ఖాళీ తొట్టిలో పచ్చి రొయ్య ముక్క ఒకటి వేశాను. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. వారం తిరిగేసరికి హాల్లో వచ్చిన వాసన గురించి మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి కథలా చెబుతుంది. మా ఇంటికి వచ్చిన రిటైర్డ్ రైల్వే గార్డు బాబాయి గారు, చేపల్లేని తొట్టి ముందు కాసేపు నిలబడి, "ఏం బాబూ, ఉత్త నీళ్లకి నెల రోజుల నుంచి కరెంటు బిల్లు కడుతున్నావా?" అన్నారు. "సిగ్నలు పడలేదు బాబాయ్ గారూ" అన్నాను. ఆయనకి అర్థమయ్యే భాష అది. అమ్మోనియా పెరిగి, దిగి, నైట్రైటు పెరిగి, దిగి, రెండూ సున్నాకి వచ్చాయి. ఆ తర్వాత కూడా నాలుగు రోజులు ఆగి చేపలు తెచ్చాను. ఈ విషయంలో మాత్రం నేను తొందరపడలేదు.

చివరికి మిగిలేది నైట్రేటు. దాన్ని బయటికి పంపేది వారం వారం నీళ్లు మార్చడం. మన వృత్తివాళ్లకు నచ్చే లెక్క ఇది. వారానికి లీటరుకి 5 మిల్లీగ్రాముల నైట్రేటు జమ అవుతోందనుకోండి, మనం వారానికి 10 శాతం నీళ్లు మారుస్తున్నాం. నైట్రేటు ఎక్కడ ఆగుతుంది? జమా, ఖర్చూ సమానమైన చోట. అంటే 50 దగ్గర. 50లో పదో వంతు 5 కదా. ఒక్కసారి సగం నీళ్లు మార్చి హమ్మయ్య అనుకున్నా, కొన్ని నెలల్లో మళ్లీ 50కి చేరుతుంది. 25 దగ్గర నిలవాలంటే 20 శాతం మార్చాలి, లేదా మేత సగానికి తగ్గించాలి. మేత తగ్గించడం చవక. చేపలు బొద్దుగా ఉండాలని మా అమ్మాయి రహస్యంగా వేసే మూడో పూట మేత ఈ లెక్కతోనే బయటపడింది.

ఎండాకాలంలో ఇంకో లెక్క. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. తొట్టి మీద చిన్న ఫ్యాను పెడితే నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది, మన కుండలో నీళ్లు చల్లబడినట్టే. కానీ వంద లీటర్లలో రోజుకి రెండు లీటర్లు పోతాయి. అయిదు రోజులు పట్టించుకోకపోతే పది లీటర్లు. అప్పుడు 35 కాస్తా 39కి చేరువవుతుంది. తగ్గిన నీటి స్థానంలో ఉప్పునీరు పోయడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. పోయాల్సింది ఉత్త ఆర్ఓ నీళ్లే, అదీ ఉదయం కొంచెం, సాయంత్రం కొంచెం. అద్దం మీద మార్కర్ పెన్నుతో గీత గీశాను, నీరు గీత దిగితే చాలు, ఇంట్లో ఎవరైనా పోస్తారు. వానాకాలంలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి ఆవిరీ తక్కువ, ఫ్యాను చల్లదనమూ తక్కువ. ఈ రెండు కాలాలకీ ఒకే అలవాటు పనిచేయదు.

పీహెచ్ గురించి నా అనుభవం కొంచెం నవ్వు తెప్పిస్తుంది. మొదటి జనవరిలో రోజూ పొద్దున్నే పీహెచ్ 7.8 చూపించేది, ఉండాల్సింది 8.1 నుంచి 8.3. కంగారుపడి పీహెచ్ పెంచే సీసా ఒకటి కొన్నాను. పోసిన గంటకి పెరిగేది, తెల్లారేసరికి మళ్లీ 7.8. నిజానికి ముందు చూడాల్సింది కేహెచ్, అంటే నీటి క్షార నిల్వ. బ్యాంకులో నగదు నిల్వలు ఒక్కరోజు ఒత్తిడికి కుదేలు కాకుండా కాపాడినట్టు, ఈ నిల్వ ఆమ్లం చేరినా పీహెచ్ పడిపోకుండా కాపాడుతుంది. సముద్రంలో అది 7 డిగ్రీల దగ్గర ఉంటుంది, తొట్టిలో 8 ఉంటే మేలు. నాది 8 ఉంది. మరి లోపం ఎక్కడ?

ఒక గ్లాసు తొట్టి నీళ్లు వరండాలో పెట్టి, ఏరేటర్ గొట్టం వేసి, గంటసేపు గాలి కొట్టించాను. పీహెచ్ 8.2కి వచ్చింది. నీళ్లలో లోపం లేదు, గదిలో ఉంది. చలికి తలుపులూ కిటికీలూ బిగించుకుని ముగ్గురం ఆ గదిలోనే పడుకుంటున్నాం. మేం వదిలిన కార్బన్ డయాక్సైడు నీటిలో కరిగి పీహెచ్‌ని దించుతోంది. కిటికీ నాలుగు వేళ్ల సందు తెరిచాం, సీసా అటకెక్కింది. అసలు సీసాలోని మందుతో నేను కేహెచ్‌ని అనవసరంగా పెంచుకుంటూ పోయి ఉంటే, అప్పుడు నిజంగా ఇబ్బంది వచ్చేది.

కేహెచ్ నిజంగా తగ్గితే? తగ్గుతుంది, ఎందుకంటే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఆ నిల్వనే ఖర్చు చేస్తుంది. వంటింట్లో సోడా ఉప్పు, అంటే వంట సోడా, చాలు. బేకింగ్ పౌడరు కాదు. వంద లీటర్లలో ఒక డిగ్రీ పెరగడానికి 3 గ్రాములు. గ్లాసు ఆర్ఓ నీటిలో కరిగించి, మోటారు నీళ్లు చిమ్మే చోట సన్నధారగా పోయాలి. రోజుకి ఒక డిగ్రీకి మించి వద్దు. కాల్షియం 420, మెగ్నీషియం 1300 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలని పుస్తకాలు చెబుతాయి. చేపలు మాత్రమే ఉన్న తొట్టిలో అవి పెద్దగా ఖర్చు కావు, వారం వారం కొత్త నీటితో వచ్చేదే సరిపోతుంది. వాటిని రోజూ కొలిచి బెంగపడాల్సింది పగడాలు పెంచేవాళ్లు.

పగడాల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. విదేశీ వీడియోల్లో రంగురంగుల పగడాల తొట్లు చూసి ముచ్చటపడతాం. మన దేశంలో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, సముద్రపు గుర్రాలూ 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో సమానంగా. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. "పాత రాయే సార్" అని దుకాణంలో ఎవరైనా పగడపు రాయి చూపించినా తీసుకోవద్దు. క్లౌన్ చేపలకు ఆ చిక్కు లేదు. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని హేచరీలో పిల్లలు తీయించే పద్ధతిని రూపొందించింది. హేచరీలో పుట్టిన పిల్లనే అడిగి తీసుకోండి. సముద్రంలో పట్టిన దానికంటే అది మేతకీ, తొట్టికీ త్వరగా అలవాటు పడుతుంది, సముద్రానికీ నష్టం లేదు.

ఇన్ని అంకెల్లోకీ నన్ను నిజంగా భయపెట్టేది కొలత పరికరంలో కనబడనిది, ప్రాణవాయువు. ఉప్పునీటిలో మంచినీటి కంటే దాదాపు అయిదో వంతు తక్కువ ఆక్సిజన్ కరుగుతుంది, నీరు వేడెక్కితే ఇంకా తక్కువ. కిందటి మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోయింది. రాత్రి తొమ్మిదికి ఇన్వర్టర్ చేతులెత్తేసింది. శాఖలోని యూపీఎస్ మీద నా కన్ను పడిందని ఒప్పుకుంటాను, పడింది కన్ను మాత్రమే. ముగ్గురం వంతులేసుకుని మగ్గుతో తొట్టి నీళ్లు తీసి, జానెడు ఎత్తు నుంచి తిరిగి పోస్తూ కూర్చున్నాం. పోసిన ప్రతిసారీ కొంత గాలి నీటిలో కలుస్తుంది. ఆ రాత్రి మేత వేయలేదు. తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు వచ్చింది. వచ్చిన వెంటనే ఫిల్టరు వేయలేదు. గంటల తరబడి మూసి ఉన్న ఫిల్టరులో నీళ్లు చెడిపోతాయి, అందుకని విప్పి, తొట్టి నీళ్లతోనే రింగులు తొలిచి, అప్పుడు వేశాను. కుళాయి నీళ్లతో తొలిస్తే ఆరు వారాల బ్యాక్టీరియా కాలువలో పోయినట్టే. మరునాడే రెండు బ్యాటరీ ఏరేటర్లు కొన్నాను, నాలుగు వందలు పెట్టి ముందే కొనుక్కోవాల్సినవి.

మొదలుపెట్టాలనుకునే మిత్రులు చిన్న తొట్టితో అస్సలు మొదలుపెట్టవద్దు. ఇరవై లీటర్ల తొట్టి చవక అనిపిస్తుంది గాని, అందులో ఒక చేప చచ్చినా, ఒక లీటరు ఆవిరైనా అంకెలన్నీ గంటల్లో తారుమారవుతాయి. వంద లీటర్లయితే మన పొరపాటుని కొంత భరిస్తుంది. ఉప్పు, పరీక్ష కిట్లు, రిఫ్రాక్టోమీటర్, ఆర్ఓ అన్నీ కలిపి చేపల ఖరీదు కంటే చాలా ఎక్కువవుతాయి, ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పుకోవడం మంచిది. బదిలీ వచ్చే ఏడాది అని తెలిస్తే ఆగండి. సామాన్ల లారీలో తొట్టి వస్తుంది, నీళ్లు రావు.

ఆ అక్టోబరు తర్వాత మా ఇంట్లో ఒక పాత లాంగ్ నోటుబుక్కు తొట్టి పక్కన చేరింది. ఇప్పుడు కొలతలు తీసేది అమ్మాయి, సరిచూసి సంతకం పెట్టేది నేను. ఆమె అనుమతి లేకుండా తొట్టిలో నేనేమీ పోయకూడదన్నది నియమం. మిగిలిన చేపకి ఫిబ్రవరిలో చిన్న జోడు తెచ్చాం. తెచ్చిన సంచీ నీళ్లలో తొట్టి నీళ్లు చుక్క చుక్కగా కలుపుతూ గంటన్నర కూర్చుని అలవాటు చేశాం. నిన్నటి పేజీలో ఇలా ఉంది: ఉప్పదనం 35, ఉష్ణోగ్రత 27, అమ్మోనియా సున్నా, నైట్రేటు 20, కేహెచ్ 8. దాని కింద, వేరే రంగు పెన్నుతో: కొత్తది కుండ లోపల పడుకుంది, పెద్దది బయట కాపలా కాసింది.